నది నడుమ దీవి నుంచి వచ్చిన ఆటగాడు: లూయీ సాకలెక్సిస్

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ అనే పెద్ద పట్నం ఉంది. ఆ పట్నానికి ఒక బేస్‌బాల్ జట్టు ఉంది. 1915 నుంచి నూరేళ్లకు పైగా ఆ జట్టు పేరు 'ఇండియన్స్'. ఈ పేరుకు మన దేశంతో సంబంధం లేదు. కొలంబస్ సముద్రం దాటి వెళ్లి, తాను చేరిన నేల ఇండియా అనుకుని అక్కడి మూలవాసులను 'ఇండియన్లు' అన్నాడు. ఆ తప్పు పేరే ఐదు వందల ఏళ్లుగా వాళ్లకు అంటుకుని ఉంది. 2020 డిసెంబర్‌లో జట్టు యజమానులు ఇక ఆ పేరు వాడబోమని ప్రకటించారు. 2022 నుంచి ఆ జట్టు పేరు 'గార్డియన్స్'.

పేరు మార్చొద్దని వాదించినవాళ్లు ఒక మాట పదేపదే చెప్పేవారు. ఇది అవమానం కాదు, గౌరవం అనేవారు. వెనకటి కాలంలో తమ ఊరి తరఫున ఆడిన ఒక ఆదివాసీ ఆటగాడి జ్ఞాపకంగా పెట్టిన పేరు అనేవారు. ఆ ఆటగాడి పేరు లూయీ సాకలెక్సిస్.

గౌరవం అన్నారు కాబట్టి, ఆ గౌరవం ఎవరికి దక్కిందంటున్నారో ఆ మనిషి ఎలా ఆడాడో, ఎలా బతికాడో, ఎలా పోయాడో మనం తెలుసుకోవాలి. ఎక్కడో ఉన్న అమెరికా ఆటగాడితో మనకేం పని అనిపించవచ్చు. చివరిదాకా చదివితే పని ఉందని మీకే తెలుస్తుంది.

దీవిలో పుట్టినవాడు

అమెరికా ఈశాన్య మూలన మెయిన్ అనే రాష్ట్రం ఉంది. చలి ఎక్కువ, అడవి ఎక్కువ. ఆ అడవుల గుండా పెనాబ్‌స్కాట్ అనే నది పారుతుంది. నది పేరే అక్కడి జాతి పేరు. బిర్చ్ చెట్టు బెరడుతో పడవలు కట్టడంలో, చెట్టు బద్దలతో బుట్టలు అల్లడంలో పెనాబ్‌స్కాట్లు పేరు మోసినవాళ్లు. ఒకప్పుడు నది పొడవునా తిరిగిన ఆ జాతికి చివరికి మిగిలింది నది నడుమ కొన్ని దీవులు. వాళ్లు ఉండే ముఖ్యమైన దీవిని ఇండియన్ ఐలాండ్ అంటారు. అవతలి ఒడ్డున ఓల్డ్ టౌన్ అనే ఊరు. రంపపు మిల్లుల ఊరు. అడవి కొట్టేది కంపెనీలు. కొట్టిన దుంగలను నది మీద మిల్లుల దాకా తోలే కూలీల్లో పెనాబ్‌స్కాట్లూ ఉండేవాళ్లు. కాలు జారితే దుంగల మధ్య నలిగిపోయే పని అది. లూయీ తండ్రి కూడా ఆ పని చేసినవాడే.

లూయీ 1871 అక్టోబర్ 24న ఆ దీవిలో పుట్టాడు. అతను ఎదిగిన కాలం ఎలాంటిదో కూడా చూడాలి. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో ఆదివాసీ పిల్లల కోసం ఒక బోర్డింగ్ స్కూలు పెట్టారు. పిల్లల జుట్టు కత్తిరించి, భాష మాన్పించి, పేర్లు మార్చి, వాళ్లలోని ఆదివాసిని చెరిపేయడమే ఆ బడి లక్ష్యం. 1887లో ఒక చట్టం తెచ్చి తెగల ఉమ్మడి భూమిని ముక్కలు చేశారు. 1890 డిసెంబర్‌లో వూండెడ్ నీ దగ్గర లకోటా ప్రజలను, ఆడవాళ్లనూ పిల్లలనూ కూడా, సైన్యం కాల్చి చంపింది. అదే రోజుల్లో పట్నాల్లో బఫెలో బిల్ అనే ఆయన టిక్కెట్టు పెట్టి 'ఇండియన్ల యుద్ధం' ఆటలు చూపించేవాడు. అంటే పట్నం జనానికి ఆదివాసి అంటే రెండే తెలుసు. ఒకటి, పేపర్లో చచ్చిన శత్రువు. రెండు, డేరాలో ఆడే వేషగాడు. మామూలు మనిషిగా ఆదివాసిని వాళ్లు చూసింది చాలా తక్కువ.

కాలేజీ మైదానంలో

లూయీ బలిష్ఠుడు, వేగంగా పరిగెత్తేవాడు. భుజం బలం మరీ ఎక్కువ. మెయిన్ ఊళ్లలో ఎండాకాలం జరిగే పోటీల్లో ఆడుతుండగా కాలేజీ ఆటగాళ్ల కంట పడ్డాడు. అలా మసాచుసెట్స్ రాష్ట్రంలోని హోలీ క్రాస్ కాలేజీకి వెళ్లాడు. 1895, 1896 సంవత్సరాల్లో అక్కడ ఆడాడు.

బేస్‌బాల్ మన పిల్లలకు అలవాటు లేని ఆట కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. క్రికెట్ లాగే ఒకడు బంతి విసురుతాడు, ఒకడు కొడతాడు. కానీ ఇక్కడ బ్యాటు గుండ్రం, బంతి నేలను తాకకుండా నేరుగా వస్తుంది. దాన్ని కొట్టి క్షేమంగా మొదటి మజిలీకి చేరడమే కష్టం. పదిసార్లు ప్రయత్నించి మూడుసార్లు చేరగలిగితే అతను మంచి ఆటగాడి కింద లెక్క. ఆ కాలేజీలో లూయీ పదింట నాలుగుసార్లకు మించి చేరాడు. మైదానం చివరి నుంచి అతను విసిరిన ఒక బంతి 414 అడుగులు వెళ్లిందని, హార్వర్డ్ ప్రొఫెసర్లు దాన్ని కొలిచారని ఆ కాలంలో చెప్పుకునేవారు. కొలత నిజమో కాదో గాని, అలాంటి కథ పుట్టించే భుజం అతనిది.

తర్వాత ఇండియానా రాష్ట్రంలోని నోటర్ డేమ్ కాలేజీకి మారాడు. అక్కడ ఎక్కువ కాలం ఉండలేదు. తాగి గొడవ చేశాడని 1897 మార్చిలో కాలేజీ వాళ్లు పంపించేశారు. అదే నెలలో క్లీవ్‌లాండ్ స్పైడర్స్ జట్టుతో ఒప్పందం కుదిరింది. స్పైడర్స్ అంటే సాలీళ్లు. అప్పటి దేశంలో పెద్ద పోటీలైన నేషనల్ లీగ్‌లో ఆడే జట్టు అది.

1897: మూడు నెలల వెలుగు

అప్పటికి పెద్ద లీగుల్లో నల్లజాతి ఆటగాళ్లు లేరు. 1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అనే నల్లజాతి ఆటగాడు ఆడాడు. తర్వాత కాగితం మీద రాయని నియమం ఒకటి పెట్టుకుని యజమానులు తలుపు మూసేశారు. అది 1947 దాకా తెరుచుకోలేదు. అలాంటి తెల్లవాళ్ల మైదానంలోకి లూయీ అడుగుపెట్టాడు. అతనికి ముందు ఆడిన ఒకరు కూడా ఆదివాసీ మూలం వారని కొందరు అంటారు గాని అది తేలలేదు. తాను పెనాబ్‌స్కాట్‌నని దేశమంతటికీ తెలిసేలా ఆడిన మొదటివాడు మాత్రం లూయీనే.

1897 ఏప్రిల్ 22న లూయివిల్ పట్నంలో మొదటి ఆట ఆడాడు. అతను జట్టులోకి రాగానే పేపర్లవాళ్లు స్పైడర్స్ అనే పేరు పక్కన పెట్టి 'ఇండియన్స్' అని రాయడం మొదలుపెట్టారు. అతని వేట కథలు, ఉన్నవీ లేనివీ, పేజీలకు పేజీలు అల్లారు. అతను ఆడే చోటు కుడివైపు మైదానం చివర, జనం కూర్చునే బల్లలకు దగ్గర. ఏ ఊరికి వెళ్లినా అక్కడి జనం నోటి మీద అరచేయి కొట్టుకుంటూ ఊళలు వేసేవాళ్లు. తల గొరిగే మాటలు అరిచేవాళ్లు. లూయీ చాలాసార్లు నవ్వి ఊరుకునేవాడని రాశారు. నవ్వాడు కాబట్టి బాధ లేదనుకున్నారు. పదుగురి మధ్య ఒంటరిగా నిలబడ్డ మన పిల్లవాడు ఎందుకు నవ్వుతాడో మనకు తెలుసు.

జూన్ 16న న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో ఆట. ఎదురుగా బంతి విసిరేవాడు ఏమస్ రూసీ. ఆ కాలంలో అతనంత వేగంగా విసిరినవాళ్లు అరుదు. 1893లో బంతి విసిరే దూరాన్ని 60 అడుగుల 6 అంగుళాలకు పెంచడానికి అతని వేగం కూడా ఒక కారణం అంటారు. ఈ ఇద్దరి పోటీ గురించి పేపర్లు ముందు నుంచే ఊదరగొట్టాయి. జనం ఊళలు వేయడానికి సిద్ధపడి వచ్చారు. లూయీ మొదటిసారి బ్యాటు పట్టుకున్నప్పుడే రూసీ బంతిని బలంగా బాది హోమ్ రన్ కొట్టాడు. మన లెక్కలో సిక్సర్ లాంటిది. ఆ రోజు ఊళలకు అతను నోటితో సమాధానం చెప్పలేదు.

ఆ ఏడాది అతను ఆడినవి 66 ఆటలు. సగటు .338. అంటే వెయ్యిసార్లకు 338 సార్లు. మొదటి ఏడాది ఆటగాడికి అది గొప్ప సంఖ్య. కానీ ఆ 66 ఆటల్లో ఎక్కువ భాగం జులై మొదటివారం లోపు ఆడినవే.

పడిపోవడం

జులై మొదట్లో అతని కాలి చీలమండ దెబ్బతింది. తాగిన మత్తులో ఒక మేడ మీది కిటికీ నుంచి దూకాడని అందరూ చెప్పే కథ. ఆ తర్వాత అతను మునుపటిలా పరిగెత్తలేదు. తాగుడు పెరిగింది. 1898లో 21 ఆటలు, 1899లో 7 ఆటలు. ఆ మేలో జట్టు అతన్ని తీసేసింది. అదే ఏడాది ఆ జట్టు 154 ఆటల్లో 134 ఓడి, లీగ్ నుంచే మాయమైంది. పెద్ద లీగులో లూయీ మొత్తం ఆడినవి 94 ఆటలు.

ఇక్కడ మనం దాచాల్సింది ఏమీ లేదు. లూయీ తాగాడు. తాగుడు అతని ఆటను తినేసింది. మన బిడ్డ కదా అని ఈ ముక్క వదిలేసి పాఠం చెబితే అది చరిత్ర కాదు, పిల్లలకు మేలూ కాదు.

కానీ ఆనాటి పేపర్లు దానికి చెప్పిన కారణం చూడాలి. అది అతని అలవాటు అనలేదు, అతని జాతి బలహీనత అన్నారు. ఆ రక్తమే అంత అన్నారు. మరి అదే కాలంలో కింగ్ కెల్లీ అనే పెద్ద ఆటగాడు తాగుడుతో దెబ్బతిని 1894లో 36 ఏళ్లకే పోయాడు. ఎడ్ డెలహాంటీ అనే ఇంకో మహా ఆటగాడు 1903లో తాగి గొడవ చేశాడని రైలు దింపేస్తే, నయాగరా దగ్గర నదిలో పడి చచ్చిపోయాడు. ఆ ఇద్దరికీ 1945లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. అది సరైనదే, వాళ్లు ఎన్నో ఏళ్లు ఆడారు. లూయీకి కూడా ఆ చోటు ఇవ్వాలని మేము అడగడం లేదు, అతను ఆడింది 94 ఆటలే. మేము అడిగేది ఒక్కటే. వాళ్లు తాగితే అది వాళ్ల కథ అయింది. లూయీ తాగితే అది మొత్తం ఆదివాసుల కథ ఎందుకయింది?

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. పండుగకు ఇంటికి వెళ్లిన పిల్లవాడు బడికి తిరిగి రాకపోతే, స్టాఫ్ రూములో 'వీళ్లింతే, వీళ్ల రక్తంలోనే చదువు లేదు' అనే మాట మేము చెవులారా విన్నాం. మైదాన ప్రాంతం పిల్లవాడు బడి మానేస్తే ఇంట్లో ఏం కష్టమొచ్చిందో అంటారు. మన ఇళ్లలో జీలుగు కల్లు ఉంది, ఇప్పసారా ఉంది. పండుగకు తాగే కల్లు వేరు, మనిషిని కూల్చే తాగుడు వేరు. ఆ రెండో దానితో మన కుటుంబాలు నలుగుతున్న మాట నిజం. దాని గురించి మాట్లాడాల్సిందే. కాని అది రక్తంలో ఉందన్న మాటను ఒప్పుకున్నామా, ఇక మానడానికి దారి లేదని ఒప్పుకున్నట్టే. తప్పు మనిషిది అయితే దిద్దుకోవచ్చు. జాతిది అంటే దిద్దుకోవడానికి ఏముంది?

ఇంటికి తిరిగి వచ్చాక

పెద్ద లీగు వదిలాక లూయీ చిన్న ఊళ్ల జట్లలో ఆడాడు. మధ్యలో పని లేక రోడ్ల మీద తిరిగాడు, జైలుకూ వెళ్లాడు. అయినా 1902లో లోవెల్ పట్నం జట్టుకు మళ్లీ ఆడాడు. తర్వాత దీవికి తిరిగి వచ్చేశాడు. చాలా పుస్తకాలు ఇక్కడితో అతని కథను నాలుగు ముక్కల్లో ముగించేస్తాయి. మనం ముగించకూడదు.

ఓల్డ్ టౌన్‌కు, దీవికి మధ్య అతను రేవు పడవ నడిపాడు. చుట్టుపక్కల ఊళ్ల ఆటలకు అంపైర్‌గా వెళ్లాడు. దీవి కుర్రాళ్లకు బేస్‌బాల్ నేర్పాడు. అతని బంధువు ఆండ్రూ సాకలెక్సిస్ 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో నాలుగో స్థానంలో నిలిచాడు. ఆదివాసీ ఆటగాడి బతుకు పట్నం మైదానంలో మొదలై అక్కడే ముగిసిందనుకోవడం పట్నం వాళ్ల లెక్క. తన వాళ్ల పిల్లలకు ఆట నేర్పిన ఏళ్లు కూడా లూయీ ఆట జీవితంలోవే.

చలికాలంలో అడవిలో చెట్లు కొట్టే పనికి వెళ్లేవాడు. 1913 డిసెంబర్ 24న మెయిన్‌లోనే బర్లింగ్టన్ దగ్గర ఆ పనిలో ఉండగా గుండె ఆగి చనిపోయాడు. వయసు 42. అతని చొక్కా లోపల పాత పేపర్ ముక్కలు దొరికాయని, అవి 1897 నాటి తన ఆట గురించి రాసినవని చెబుతారు. దీవిలోనే సమాధి చేశారు.

గౌరవం అన్న మాటను పరీక్షిద్దాం

ఇక జట్టు పేరు సంగతి. మొదట ఒక విషయం. లూయీ ఆడిన స్పైడర్స్ 1899తో ముగిసిపోయింది. 'ఇండియన్స్' అని పేరు పెట్టుకున్నది 1901లో అమెరికన్ లీగ్‌లో మొదలైన వేరే జట్టు. లూయీ దానికి ఒక్క ఆట కూడా ఆడలేదు.

ఆ జట్టును అంతకు ముందు నాప్ లాజోయీ అనే పెద్ద ఆటగాడి పేరు మీద 'నాప్స్' అనేవారు. 1915 జనవరిలో ఆయన వెళ్లిపోగానే కొత్త పేరు కావాల్సి వచ్చింది. యజమాని చార్లెస్ సోమర్స్ ఊళ్లోని క్రీడా విలేకరులను అడిగితే వాళ్లు 'ఇండియన్స్' అన్నారు. అంతకు ముందు ఏడాదే 'బ్రేవ్స్' అనే బోస్టన్ జట్టు దేశపు పెద్ద కప్పు గెలిచింది. అలాంటి పేర్లు అప్పుడు ఫ్యాషన్. ఒక పేపర్ సంపాదకీయంలో లూయీని తలుచుకున్న మాట వాస్తవం. కానీ మిగతా రాతలన్నీ గొడ్డళ్లు, ఈకలు, ఊళల వేళాకోళమే. అభిమానులకు పోటీ పెట్టి లూయీ గౌరవార్థం పేరు ఎన్నుకున్నారన్న కథ చాలా ఏళ్ల తర్వాత జట్టు వాళ్ల పుస్తకాల్లోకి వచ్చింది. అలాంటి పోటీ జరగలేదు.

1947లో అదే జట్టులో లారీ డోబీ చేరాడు. అమెరికన్ లీగ్‌లో మొదటి నల్లజాతి ఆటగాడు ఆయన. అదే ఏడాది ఆ జట్టు ఒక బొమ్మనూ తెచ్చింది. పెద్ద ముక్కు, పళ్లికిలింపు, తల మీద ఈక. తర్వాత రోజుల్లో దాని ముఖం ఎర్రగా మారింది, 'చీఫ్ వాహూ' అనే పేరు స్థిరపడింది. ఒక జాతికి తలుపు తీసిన చేత్తోనే ఇంకో జాతిని వెక్కిరించారు. ఆ బొమ్మ వాడొద్దని 2000లో పెనాబ్‌స్కాట్ తెగ మండలి తీర్మానం చేసింది. లూయీ సొంత మనుషులే ఇది మాకు గౌరవం కాదన్నారు. అయినా ఆటగాళ్ల దుస్తుల మీద నుంచి ఆ బొమ్మ 2018 దాకా పోలేదు. ఇంత గౌరవం చేసిన దేశం, అదే తెగ ప్రజలకు మెయిన్‌లో ఓటు హక్కు ఇవ్వడానికి 1950ల దాకా ఆగింది.

మన సంగతి

'చీఫ్' అంటే పెద్ద, దొర అని అర్థం. లూయీ తర్వాత వచ్చిన ఆదివాసీ ఆటగాళ్లను కూడా పేపర్లు ఆ పేరుతోనే పిలిచాయి. ఒజిబ్వే జాతి చార్లెస్ బెండర్‌ను చీఫ్ అన్నారు, కహుయిల్లా జాతి జాన్ మేయర్స్‌నూ చీఫ్ అన్నారు. పిలుపులో దొరతనం, చూపులో చులకన.

మనకు ఇది వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే మనకూ ఒక 'కోయదొర' ఉన్నాడు. సినిమాల్లో ఉన్నాడు, బస్టాండ్‌లో వేర్లూ తైలాలూ అమ్ముతూ ఉన్నాడు, బడి వార్షికోత్సవంలో ముఖానికి రంగు పూసుకుని నోటి మీద చేయి కొట్టుకుంటూ ఉన్నాడు. మన కొమ్ముకోయ ఆటలోని కొమ్ములకు, గుస్సాడీ నెమలి ఈకల కిరీటానికి ఒక అర్థం, ఒక నియమం ఉన్నాయి. ఈ కోయదొరకు అవేవీ లేవు. ఈ ఊళ కూడా మనది కాదు. లూయీ చెవుల్లో మోగిన ఊళే సినిమాల ద్వారా మన బడి స్టేజీ ఎక్కింది.

కొన్నేళ్ల కిందట మా పిల్లలను ఆటల పోటీలకు తీసుకెళ్లాం. పరుగు పందెంలో మా కోయ పిల్లవాడు ముందున్నాడు. మైకు పట్టుకున్నాయన చేతిలో పేర్ల కాగితం ఉంది. అయినా 'కోయదొర దూసుకొస్తున్నాడు' అన్నాడు. అందరూ నవ్వారు. పిల్లవాడు మొదటి బహుమతి తెచ్చుకున్నాడు, వాడూ నవ్వాడు. మేము పక్కనే ఉండి ఏమీ అనలేదు. మరుసటి ఏడాది పోటీలకు రానన్నాడు. ఎందుకని అడిగితే కాలు నొప్పి అన్నాడు.

జైపాల్ సింగ్ ముండా కూడా ఆటగాడే. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత హాకీ జట్టుకు కెప్టెన్. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుని, మమ్మల్ని మీకు తోచిన పేరుతో పిలవకండి, ఆదివాసీ అనండి అని వాదించారు. పేరు చిన్న సంగతి కాదని ఆటస్థలం నుంచి వచ్చిన ఆయనకు తెలుసు.

లూయీ కథను తరగతిలో చెప్పేటప్పుడు మూడు పనులు చేయవచ్చు. మొదటిది, అతని ఆటను ముందు చెప్పాలి, తాగుడును తర్వాత చెప్పాలి, రెండూ దాచకుండా చెప్పాలి. రెండోది, 'మీ గౌరవార్థం' అని ఎవరైనా అన్నప్పుడు ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, మమ్మల్ని అడిగారా అని మూడు ప్రశ్నలు వేయడం పిల్లలకు నేర్పాలి. మూడోది మన పని. ఇప్పుడు పోటీలకు వెళ్లినప్పుడు మేము ముందుగా మైకు దగ్గరికి వెళ్తున్నాం. పిల్లల ఇంటిపేరు, పేరు రాసిన కాగితం ఇచ్చి, 'సార్, ఇవే చదవండి' అంటున్నాం. కొందరు విసుక్కుంటారు. చాలామంది చదువుతారు. పేరు వినబడగానే మా పిల్లలు తల తిప్పి మైకు వైపు చూస్తారు.